ఆకాశంలో తెల్ల చారలు – ఎవరి ఖాతాలోనూ పడని పద్దు

ఆకాశంలో తెల్లటి చార కనబడితే మన ఊళ్లలో పిల్లలు "రాకెట్టు పోతోంది" అని అరుస్తారు. "రాకెట్టు కాదురా, జెట్టు విమానం, పొగ వదుల్తోంది" అని పెద్దవాళ్లు సర్దిచెప్తారు. పెద్దవాళ్లు చెప్పిందాంట్లో సగమే నిజం. విమానమే గానీ, అది పొగ కాదు. మబ్బు.

చలికాలం పొద్దున్నే మన నోట్లోంచి పొగలాగా వస్తుంది చూడండి, ఇదీ అదే సూత్రం. పది కిలోమీటర్ల ఎత్తులో చలి మైనస్ 40 డిగ్రీలు దాటి ఉంటుంది. ఇంజన్లోంచి వేడి వేడి నీటి ఆవిరీ, దాంతోపాటు మసి రేణువులూ బయటికొస్తాయి. ఆవిరి ఆ మసిని పట్టుకుని గడ్డకట్టి మంచు పలుకులైపోతుంది. చుట్టూ గాలి పొడిగా ఉంటే చార నిమిషాల్లో మాయం. గాలిలో అప్పటికే తేమ నిండిపోయి ఉంటే మాత్రం చార పోదు సరికదా, ఆ తేమనంతా లాక్కుని గంటల తరబడి పలచటి మబ్బులాగా పరుచుకుంటుంది.

అయితే ఏంటట అంటారా? ఈ మబ్బు రెండు పనులు చేస్తుంది. పగలు కొంత ఎండని వెనక్కి కొడుతుంది. భూమి నుంచి పైకి పోయే వేడిని మాత్రం రాత్రీ పగలూ ఆపుతుంది. రాత్రి ఎండ ఉండదు కాబట్టి ఇక మిగిలేది దుప్పటి కప్పడమే. ఆగ్నేయ ఇంగ్లండు మీది విమానాలను లెక్కగట్టి 2006లో కొందరు పరిశోధకులు తేల్చిందేంటంటే, రాత్రిపూట తిరిగేవి నాలుగో వంతే, కానీ చారల వల్ల వచ్చే వేడిలో 60 నుంచి 80 శాతం వాటి పుణ్యమే.

2021లో డేవిడ్ లీ బృందం మొత్తం విమానయానం పద్దు వేసింది. 2018 నాటికి ఈ చారల మబ్బుల వల్ల చదరపు మీటరుకి దాదాపు 57 మిల్లీవాట్లు, విమానాలు అన్నేళ్లుగా వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల 34. అంటే మనం రోజూ తిట్టుకునే కార్బన్ కన్నా ఎవరూ మాట్లాడని మబ్బులదే పెద్ద వాటా! కాకపోతే ఆ 57 అనేది 17 దగ్గర్నుంచి 98 దాకా ఎక్కడైనా ఉండొచ్చని కూడా వాళ్లే చెప్పారు. ఇంకో తేడా కూడా ఉంది. విమానాలన్నీ రేపు ఆగిపోతే మబ్బులు ఒకట్రెండు రోజుల్లో విడిపోతాయి. కార్బన్ వందల ఏళ్లు కూర్చుంటుంది. కాబట్టి దీన్ని చూపించి దాన్ని వదిలేద్దామంటే కుదరదు.

ఇక్కడే నాలోని ప్రోగ్రామరు లేచి కూర్చుంటాడు. ప్రోగ్రాము నత్తనడక నడుస్తుంటే మనం కోడంతా తిరగరాయం కదా. టైమంతా ఎక్కడ తింటోందో వెతికి ఆ నాలుగు లైన్లు పట్టుకుంటాం. ఇదీ సరిగ్గా అలాంటి కేసే. జపాన్ గగనతలం మీద చేసి 2020లో వెలువరించిన అధ్యయనంలో, కేవలం 2.2 శాతం విమానాలే చారల వేడిలో 80 శాతానికి కారణమని తేలింది. అంటే అన్నిటినీ మళ్లించక్కర్లేదు. తేమ పొర తగిలినప్పుడు ఆ కొన్నిటినీ కాస్త పైకో కిందికో జరిపితే చాలు. గూగుల్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కలిసి 70 విమానాలతో ఇదే ప్రయోగం చేసి 2023లో ఫలితాలు చెప్పాయి. చారలు 54 శాతం తగ్గాయి. దారి మార్చిన విమానాలకి ఇంధనం 2 శాతం ఎక్కువైంది.

మరి ఎందుకు చెయ్యట్లేదు? అభ్యంతరాలు ఉత్తవేం కావు. అంత ఎత్తులో తేమని ముందుగా పసిగట్టడం వాతావరణ శాఖలకి ఇంకా కష్టమే. అంచనా తప్పితే ఇంధనం దండగ, పైగా కార్బన్ ఎక్కువ. రద్దీగా ఉండే దారుల్లో ఎత్తు మార్చమంటే కంట్రోలర్లకి తలనొప్పి. కానీ నాకు కనిపించే అసలు కారణం వేరు. ఆ 2 శాతం ఇంధనం బిల్లు కంపెనీది, లాభం లోకానిది. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని ఊరికే అన్లేదు.

2025 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్, ముందుగా యూరప్ లోపల తిరిగే విమానాలకి, చారల లెక్క కూడా రాసి ఇవ్వాలని నిబంధన పెట్టింది. విమానయాన సంస్థల సంఘం అయాటా దీన్ని స్వచ్ఛందంగా ఉంచాలంది, సైన్సు ఇంకా తేలలేదంది. తేలలేదు కాబట్టే కదండీ కొలవాల్సింది! కొలవకుండా ఎప్పటికి తేలేను?

ఇంకో పక్క, ఈ చారలు ప్రభుత్వాలు చల్లే విషమని నమ్మేవాళ్లున్నారు. అమెరికాలో టెనెస్సీ రాష్ట్రం 2024లో ఆకాశంలో రసాయనాలు చల్లకూడదని చట్టమే చేసేసింది. లేని విషానికి చట్టం ఉంది, ఉన్న వేడికి లేదు.

ఇది మనకు సంబంధం లేని గొడవేం కాదు. అమెరికా నుంచి యూరప్ మీదుగా ఇంటికొచ్చే మనవాళ్లు సాధారణంగా సాయంత్రం విమానమెక్కి, రాత్రంతా అట్లాంటిక్ దాటి, తెల్లారి లండన్లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో దిగుతారు. అంటే దుప్పటి కప్పే వేళలోనే మన ప్రయాణం. నేనడిగేది ప్రయాణాలు మానెయ్యమని కాదు. ముందు రాత్రి విమానాలతో, అంచనా గట్టిగా ఉన్న రోజులతో మొదలుపెట్టమని. ఆ అదనపు ఇంధనం ఖర్చు టిక్కెట్టులో కలపమని. మూడు సినిమాలూ రెండు భోజనాలూ కలిపి అమ్మే టిక్కెట్టులో ఇదొక్కటీ బరువవుతుందంటే నేను నమ్మను. కంపెనీలు మంచితనంతో చేస్తాయని ఎదురుచూస్తే మాత్రం ఇంకో ఇరవయ్యేళ్లయినా ఇదే లెక్క, ఇదే మబ్బు.