మన గృహము: గడప ఎత్తు ఎంత?



మొన్న ఎండాకాలంలో అల్వాల్‌లో ఒక విశ్వాసుల ఇంట కుటుంబ ప్రార్థనకు వెళ్ళాము. శామీర్‌పేట అవతలి పల్లెలో ఒంటరిగా ఉన్న తల్లిని ఆ కొడుకు, కోడలు తెచ్చి తమ దగ్గర ఉంచుకున్నారు. ఆమెను బాగానే చూసుకుంటారు, అందులో సందేహము లేదు. ప్రార్థన అయ్యాక అందరికీ చాయ్ వచ్చింది. అవ్వ మాత్రం కప్పు ముట్టలేదు. “పొద్దుగూకినంక నేను నీళ్ళు సుత తాగ, అమ్మగారూ” అన్నది.

కోడలు వంటింట్లోకి వెళ్ళాక మెల్లగా కారణము చెప్పింది. ఆ ఇంట్లో కింద ఉన్న బాత్రూము మెట్ల కింద ఉన్నది. వంటింటి వెనుక తలుపు తీసి, సందులోకి రెండు మెట్లు దిగి వెళ్ళాలి. అక్కడ లైటు లేదు, కింద నున్నటి టైల్సు. ఒక రాత్రి కాలు జారి గోడ పట్టుకుని నిలబడ్డది. పొద్దంతా పని చేసి పడుకున్న కొడుకును లేపడానికి మనసు రాలేదు. ఆనాటి నుండి సాయంత్రము కాగానే నీళ్ళు మానేసింది. “వాళ్ళకు చెప్పకుండ్రి, నా కోసం ఇల్లు పగలగొడ్తరు” అని నా చేయి పట్టుకున్నది.

ముసలివాళ్ళు నీళ్ళు తగ్గిస్తే మూత్రములో మంట, మలబద్ధకము వస్తాయి. లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. పడిపోతానని చేసిన పని వలననే పడే ప్రమాదము ఎక్కువవుతుంది. లోకమంతటా ప్రమాదవశాత్తు కలిగే మరణాలలో రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానము పడిపోవడానిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అందుకే చెప్పవద్దన్న ఆ మాట నేను నిలబెట్టుకోలేదు. అవ్వ ఎదుటనే కొడుకుతో చెప్పాను. అతడు చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు.

తప్పు ఒక్కరిది కాదు. మనము ఇల్లు కట్టేది సాధారణంగా ముప్పై అయిదు, నలభై ఏళ్ళ వయస్సులో, ఒంట్లో బలమున్నప్పుడు. గృహప్రతిష్ఠ నాడు వచ్చినవారు మేడమీది గదులు చూసి మెచ్చుకుంటారు. రాత్రి రెండు గంటలకు ఎవరు ఎటు నడవాలో ఆ రోజు ఎవరికీ తోచదు. 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసిన అల్వాల్‌లోనే కాదు, ఇటు మేడ్చల్ వరకు చూడండి. రెండు వందల గజాల స్థలములో వాన నీరు రాకుండా అరుగు ఎత్తుగా లేపి, మిగిలిన చోట బాత్రూము ఇరికిస్తాము. తాండూరు బండల మీద నడిచిన కాళ్ళను అద్దమువంటి టైల్సు మీద నిలబెడతాము. నాకైతే ఆ గరుకు బండలే మేలనిపిస్తుంది, పాతకాలపు మనిషినని మీరు నవ్వినా సరే.

ద్వితీయోపదేశకాండము 22:8 చదవండి. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలన్నది దేవుని ఆజ్ఞ. ఎవరైనా పడితే ఆ దోషము ఇంటిమీద ఉంటుంది. మేస్త్రీకి చెప్పవలసిన మాట ధర్మశాస్త్రములో ఉన్నది! అలాగే 2 రాజులు 4లో షూనేమీయురాలు ఎలీషా కొరకు ఏర్పరచిన గదిలో మంచము, బల్ల, పీట, దీపస్తంభము ఉన్నాయి. అలసి వచ్చే మనిషికి ఏమి కావాలో ఆమె ముందే ఆలోచించింది. అది మేడగది కదా అని మీరు అడగవచ్చు. ఎలీషా ఊరూరా నడిచి తిరిగే మనిషి, ఎక్కగలడు. మోకాళ్ళు అరిగిన అత్తమ్మకు అయితే ఆమె కిందనే వేయించి ఉండేదని నా నమ్మకము.

ఇప్పుడు ఇల్లు కట్టేవారు కింద ఒక పడకగది, దానికి ఆనుకుని బాత్రూము తప్పక పెట్టించండి. పిల్లలు చిన్నగా ఉన్నంతకాలము అది చదువుల గది, కోడలు ప్రసవించి వస్తే బాలింత గది, తర్వాత తల్లిదండ్రులది, ఆ తర్వాత మనదే. బాత్రూము తలుపు చట్రము రెండున్నర అడుగులు పెడితే చక్రాల కుర్చీ పట్టడము కష్టము, మూడడుగులు పెట్టండి. వాలుబాట వేయాలంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. అరుగు రెండున్నర అడుగులుంటే ముప్పై అడుగులు, అంటే ముప్పై ఇంటు అరవై స్థలములో సగము పొడవు! అంత చోటు లేనివారు మెట్టు ఆరంగుళాలకు మించకుండా అయిదు మెట్లు కట్టించి, రెండు ప్రక్కలా పట్టుకునే పైపు పెట్టించండి. కమోడు కూర్చునే ఎత్తు పద్ధెనిమిది అంగుళాల దగ్గర ఉంటే లేవడము సులువు.

ఇల్లు ఎప్పుడో కట్టినవారు నిరాశపడవద్దు. మంచము నుండి బాత్రూము వరకు చిన్న లైటు, చేతికి అందే కమ్మీ, కింద గరుకు బండ, ఇవి ఒకటి రెండు రోజుల పని. వంటింట్లో ఎత్తు స్టూలు ఒకటి వేయండి. నెలతప్పిన కోడలైనా, నడుము నొప్పి ఉన్న అత్తయినా కూర్చుని కూర తరుగుతారు. స్టూలు వేసుకున్న కోడలిని సోమరి అనేవారు మన సంఘాలలో కూడా ఉన్నారు. ఆ మాట వలన ఎందరు స్త్రీలు ఓపిక లేకున్నా నిలబడి వండుతున్నారో!

ఆ ఇంటికి ఈ నెలలో మళ్ళీ వెళ్ళాను. సందులో లైటు, గోడకు స్టీలు కమ్మీ వచ్చాయి. రెండు ఎత్తు మెట్లను నాలుగు చిన్న మెట్లుగా చేశారు. రాత్రికి మంచము ప్రక్కన కమోడు కుర్చీ కూడా పెట్టారు. అవ్వకు అది ఇంకా సిగ్గుగానే ఉన్నది, పగలు దానిమీద దుప్పటి కప్పి ఉంచుతున్నది. ఏడు గంటలకు చాయ్ ఇస్తే సగము కప్పు త్రాగింది. ముందు వాకిలి మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. పంట కోతలు అయ్యాక ఊరి మేస్త్రీ వస్తాడట.