కుంగిన మట్టం తిరిగి రాదు

మెక్సికో నగరం కుంగుబాటు ప్రస్తావన వచ్చినప్పుడెల్లా ఒరిగిన చర్చిలు, బీటలు వారిన మేడలు ముందుకు వస్తాయి. 1910లో నిర్మించిన స్వాతంత్ర్య స్తంభం చుట్టూ నేల దిగిపోవడంతో పీఠానికి 14 మెట్లు చేర్చవలసి వచ్చిన సంగతిని తరచు ఉటంకిస్తారు. నగరం దక్షిణపు అంచున ఉన్న సోచిమిల్కో పొలాల మాట అంతగా వినిపించదు. వ్యవసాయ శాస్త్రానికి సంబంధించిన ప్రశ్న అక్కడే ఉంది.

పూర్వపు సరస్సుల అడుగున పేరుకున్న ఈ నేల అగ్నిపర్వత బూడిద నుంచి ఏర్పడిన మెత్తని బంకమన్ను. కొన్ని పొరలలో పొడి మన్ను బరువుకు మూడు నాలుగు రెట్లు నీరే ఉంటుంది. పైభారాన్ని రేణువులతోపాటు రంధ్రాలలోని నీరు కూడా మోస్తుంది. అడుగున ఉన్న జలస్తరాల నుంచి నీటిని తోడినకొద్దీ రంధ్రాలలో పీడనం తగ్గి, భారమంతా రేణువులపై పడుతుంది, పొర అణగిపోతుంది. ఈ సంబంధాన్ని నబోర్ కారియో 1947లోనే వివరించారు. అయినా తోడడం ఆగలేదు. కొన్నిచోట్ల ఏడాదికి సుమారు 50 సెంటీమీటర్ల కుంగుబాటు నమోదైంది.

బంకమన్ను అనగానే తెలుగు పాఠకునికి నల్లరేగడి గుర్తుకు వస్తుంది. రేగడి వేసవిలో నెర్రెలిచ్చి, తొలకరికి ఉబ్బి వాటిని పూడ్చుకుంటుంది. ఆ పోలిక ఇక్కడ చెల్లదు. ఈ సరస్సు మన్ను ఒకసారి అణగితే, మళ్లీ నీరు చేరినా కోలుకునేది అత్యల్పం. భూగర్భజలాలను తిరిగి నింపితే చాలునన్న వాదన కనుక సగమే నిజం. అది ఇకముందు కుంగుబాటును తగ్గించవచ్చు. పోయిన ఎత్తును తేలేదు.

సోచిమిల్కోలోని చినాంపాలకు ఆ ఎత్తే ప్రాణం. లోతు తక్కువైన నీటిలో బురద, మొక్కల తుక్కు పేర్చి, అంచుల వెంట చెట్లు నాటి నిలిపిన సన్నని మళ్లవి. పక్కనున్న కాలువ నుంచి చెమ్మ ఊరి వేళ్లకు అందాలంటే మడి నీటిమట్టం కన్నా కొద్దిగా మాత్రమే ఎత్తున ఉండాలి. నేల అంతటా సమంగా కుంగితే ఎలాగో సర్దుకోవచ్చు. కానీ అలా కుంగదు. ఒక మడి మునుగుతుంది, మరొకదానికి నీరందదు. ఊటలను ఇరవయ్యో శతాబ్దారంభంలోనే నగరానికి మళ్లించగా, నేడు కాలువలకు చేరేది చాలావరకు శుద్ధిచేసిన మురుగునీరే. 1987లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కినా బావులు ఆగలేదు.

నగరానికి నీరు కావాలి, కాదనలేము. అయితే నీటి ధర కట్టేటప్పుడు మోటార్ల విద్యుత్తుతోపాటు రైతు కోల్పోయిన మట్టాన్నీ లెక్కించాలి. బావులను తగ్గించే ప్రణాళిక ఏదైనా చినాంపాల చుట్టుపక్కల బావులతోనే మొదలుకావాలి. మేడలకు మెట్లు చేర్చినట్లు మళ్లకు చేర్చలేరు.