వంక ముందు బండి ఆపడం పిరికితనం కాదు

మంచు కురిసే దేశాలలో చలికాలం వచ్చిందంటే బండి నడపడం ప్రాణాలతో చెలగాటమే. మన జిల్లాలో మంచు కురవదు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ, దుమ్ము తప్ప వేరే ఉండదు. కనుక వాతావరణం వల్ల ప్రమాదం అనే మాట మనకు వర్తించదని చాలామంది తలుస్తారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల వారికి అసలు ముప్పు ఇక్కడే ఉన్నది. నెలల తరబడి ఇసుక తేలి పడి ఉన్న వంకను చూసి చూసి దానిమీద భయం పోతుంది. అక్టోబరు, నవంబరు నెలలలో తుపాను వానలకు ఆ వంకే ఒక్క రాత్రిలో ఏరై పారినా, నిన్న నడిచి దాటిన చోటే కదా అని బండి దించేస్తారు.

వంక చేసే చేటు మనకు కొత్త కాదు. 1902 సెప్టెంబరులో ముద్దనూరుకు సమీపాన మంగపట్నం వద్ద భారీ వర్షానికి వంక పొంగి రైలు వంతెన కొట్టుకుపోయింది. మెయిలు రైలు ఆ నీటిలో పడి దాదాపు 70 మంది మరణించారు. ఇనుప పట్టాల మీద పోయే రైలుకే ఆ గతి పట్టినప్పుడు ఆటో ఎంత, మోటారు సైకిలు ఎంత?

మన ఏర్ల తీరు కూడా గమనించవలసి ఉన్నది. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని మూడూ కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టినవి. కుందూ నంద్యాల వైపు నుండి దిగి వస్తుంది. పైన ఎక్కడో వాన కురిస్తే, ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు వచ్చి పడుతుంది. మైలవరం గేట్లు ఎత్తితే జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వద్ద పెన్న మట్టం పెరుగుతుంది. తలమీద చినుకు లేదు గదా అని చప్టా మీదికి దిగడం తగదు.

2021 నవంబరు నాటి సంగతి ఎవరూ మరచి ఉండరు. ఆ నెల 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. రాజంపేట, నందలూరు ప్రాంతంలో ఆర్టీసీ బస్సులు సైతం వరదలో చిక్కుకొని ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజులలోనే కమలాపురం వద్ద పాపాఘ్ని వంతెన కుంగి కూలిపోయింది. పెద్ద బండి కదా, పెద్ద వంతెన కదా అనే ధీమా ఎంతవరకు పనికి వస్తుందో అప్పుడు కళ్లారా చూశాము.

పారే నీటి బలాన్ని కంటితో అంచనా కట్టలేము. వడిగా పారే నీరు ఆరు అంగుళాలు ఉన్నా మనిషి కాలు నిలవదు. అడుగు లోతుకు చిన్న కారు తేలిపోతుంది. రెండడుగుల లోతైతే జీపులు, వ్యానులు కూడా కొట్టుకుపోతాయి. నీరు బండిని కిందినుండి పైకి ఎత్తుతుంది. చక్రాలకు నేల పట్టు పోతుంది. ఆపై ప్రవాహం పక్కనుండి తోస్తుంది. ట్రాక్టరు ఎత్తుగా ఉంటుందని కొందరి నమ్మకం. కాని ప్రవాహం వెనుకనున్న ట్రాలీని లాగితే ట్రాక్టరు కూడా దానివెంట పోవలసిందే. ఎర్రనీటి అడుగున చప్టా ఉన్నదో, కోసుకుపోయిందో గట్టున నిలబడిన వారికి తెలియదు.

వంక లేని చోట కూడా వానకాలపు రోడ్డును నమ్మరాదు. తొలి చినుకులకు తారు మీది నూనె, దుమ్ము కలిసి జారుడు అవుతుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు రేగడి చేలనుండి వచ్చే ట్రాక్టర్లు చక్రాలకు పట్టిన బురదను రోడ్డు మీద వదలి పోతాయి. ఆ బురద మీద బ్రేకు వేస్తే మోటారు సైకిలు పక్కకు పడుతుంది. పొడి రోడ్డు మీద కంటే తడి రోడ్డు మీద బ్రేకు వేసిన బండి ఆగడానికి సుమారు రెట్టింపు దూరం పడుతుంది. కనుక బండల లారీ వెనుకనో, అరటి గెలల లారీ వెనుకనో పోతున్నప్పుడు, అది ఒక మైలురాయిని దాటిన తరువాత నాలుగు సెకండ్లకు గాని మన బండి ఆ రాయిని చేరకూడదు. అరిగిన టైర్లను వానలకు ముందే మార్చాలి. వెనుక కూర్చున్న వారు గొడుగు విప్పితే గాలికి బండి అదుపు తప్పుతుంది. ఆ అలవాటు మానాలి.

డ్రైవరు ఒక్కడినే తప్పు పట్టడం న్యాయం కాదు. వంక దగ్గర అతను ఆగితే, "ఇంత మాత్రానికి భయమా?" అని ఎగతాళి చేసేది ప్రయాణికులే. సరుకు వేళకు మార్కెట్టు చేరకపోతే కిరాయి కోసేది యజమానులే. ఆ మాటలకు రోషపడి ఎందరో నీటిలోకి దిగుతున్నారు. ఆగిన డ్రైవరు బండిలోని వారందరినీ కాపాడిన వాడని మనం గుర్తించాలి.

ఆసుపత్రి, బడి, పంట ఆగవు కదా అని కొందరు అడగవచ్చు. నిజమే. నీరు పారే ప్రతి చప్టా స్థానంలో ఎత్తైన వంతెన కట్టవలసిందే. అది కట్టేలోగా చేయగలిగిన పనులున్నాయి. తుపాను హెచ్చరిక రాగానే నెలలు నిండిన గర్భిణులను పట్నంలోని బంధువుల ఇంటికో, ఆసుపత్రికో ముందే చేర్చాలి. అమెరికాలో మంచు ఎక్కువగా పడే కొన్ని చోట్ల పెద్ద రహదారులకే గేటు వేసి రాకపోకలు ఆపుతారు. మన చప్టాలకు ఇరువైపులా ఒక గొలుసు, లోతు తెలిపే గుర్తుల రాయి, సున్నం కొట్టిన అంచు రాళ్లు పెట్టడానికి కోట్లు అక్కరలేదు. రోడ్లు భవనాల శాఖ, పంచాయతీరాజ్ అధికారులు ఈ పనిని వానలకు ముందే పూర్తి చేయాలి. నీరు వచ్చిన రాత్రి గొలుసు వేసి కాపలా ఉండే బాధ్యతను పంచాయతీ ఇద్దరికి అప్పగించాలి.

గొలుసు వేసిన తరువాత దానిని తప్పించి పోయే వాడు మన ఊరివాడైనా, మన చుట్టమైనా ఆపవలసిందే. వంక నీరు పొద్దుటికి తీస్తుంది. పోయిన మనిషి తిరిగిరాడు.