మందుల పేర్లు వచ్చు, మందు రాయడం రాదు

బేగంబజార్‌లో మూలికల దుకాణానికెళ్లి అతిమధురం అడిగితే పొట్లం కట్టి చేతిలో పెడతారు. డాక్టరు చీటీ అక్కర్లేదు. పక్కనే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి. గుండె జబ్బుకు ఫ్యూరోసెమైడ్, డిగాక్సిన్ మింగుతున్న మనిషి దగ్గు తగ్గుతుందని ఆ అతిమధురాన్ని రోజూ వాడితే పొటాషియం పడిపోయి, డిగాక్సిన్ విషమయ్యే ప్రమాదముంది. పొటాషియం తగ్గితే డిగాక్సిన్ ఏం చేస్తుందో ఎంబీబీఎస్ రెండో ఏడాది విద్యార్థి గడగడా చెబుతాడు. ‘ఇంకేమైనా వాడుతున్నారా పెద్దాయనా’ అని అడగడానికి మాత్రం పరీక్షలో మార్కుల్లేవు.

ఫార్మకాలజీ గురించి మెడికోలను కదిపితే తరచూ వినిపించే మాట: బట్టీ. మందుల వర్గీకరణ పట్టికలు పరీక్ష ముందు రాత్రి తలకెక్కుతాయి, వార్డులో అడుగుపెట్టేసరికి దిగిపోతాయి. దీన్ని బద్ధకస్తుల సణుగుడని కొట్టిపారేసే పెద్దలతో మేం ఏకీభవించం. ఫార్మకాలజీ చెప్పే ఎంబీబీఎస్ రెండో దశ 18 నెలలుండేది, దాన్ని 2019 పాఠ్య ప్రణాళిక 12 నెలలకు కుదించింది. ఆ ప్రణాళికే ఫార్మకాలజీకి 80 గంటల ఉపన్యాసాలు, 138 గంటల చిన్న బృందాల బోధన అంది. కాగితం మీద ముచ్చటగానే ఉంది. ఏటా 250 మంది చేరే కాలేజీలో ఆ బృందం ఎంత చిన్నదో విద్యార్థులే చెప్పాలి! కప్ప కండరం, కుందేలు పేగు ప్రయోగాలు కంప్యూటర్ తెరకెక్కాయి. మూగజీవాలు బతికిపోయాయి, సంతోషమే. కానీ అలా మిగిలిన గంటలు రోగి మంచం దాకా రాలేదు.

మందును ప్రశ్నించడం ఈ నగరానికి కొత్తేం కాదు. మత్తుమందు క్లోరోఫాం ముందుగా ఆపేది ఊపిరినా, గుండెనా అని తేల్చడానికి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ 1889లో హైదరాబాద్‌లోనే రెండో క్లోరోఫాం కమిషన్ నడిపారు. ఆరో నిజాం సొమ్మిచ్చారు. లండన్ నుంచి ఫార్మకాలజిస్టు లాడర్ బ్రంటన్ దిగారు. వందల కుక్కల మీద పరీక్షించి, ఆగేది ఊపిరేనన్నారు. క్లోరోఫాం గుండెను కూడా హఠాత్తుగా ఆపగలదని 1911లో పరిశోధకుడు గుడ్‌మన్ లెవీ నిరూపించేసరికి ఆ తీర్పు నిలవలేదు. అంత ప్రయోగం చేసినవాళ్లు ఎక్కడ పొరబడ్డారో ఒక్క గంట తర్కించుకుంటే, ఆధారాన్ని ఎలా తూచాలో విద్యార్థికి తెలుస్తుంది. పది పట్టికలు ఆ పని చేయలేవు.

అది నేర్పకుండా పంపితే హౌస్‌సర్జన్ ఏం చేస్తాడు? సీనియర్ రాసిన చీటీని చూసి రాస్తాడు. తర్వాత మెడికల్ రెప్ ఇచ్చిన కరపత్రాన్ని నమ్ముకుంటాడు. వైరస్ జలుబుకు యాంటీబయాటిక్ రాసే అలవాటు ఇక్కడే పాతుకుపోతుంది.

కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఫార్మకాలజీ ప్రాక్టికల్ పరీక్షను వార్డుకు మార్చాలి. నిజమైన రోగి ఉండాలి. ఆయన సంచిలోని మాత్రలు, పొడులు అన్నీ బయటికి తీసి, ఏది ఆపాలి, ఏది ఎంత మోతాదులో కొనసాగాలి, నెలకు ఖర్చెంత అన్నది విద్యార్థి చెప్పాలి. ఫైనల్ ఇయర్‌లో ఇదే పరీక్ష మళ్లీ పెట్టాలి. హౌస్‌సర్జన్సీ పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇచ్చేముందు ఆ అభ్యర్థి రాసిన చీటీలను తనిఖీ చేయాలి. అధ్యాపకులు చాలరన్న జవాబు వస్తుందని తెలుసు. ఫార్మకాలజీ పీజీలను ల్యాబు గడప దాటించి రౌండ్లకు పంపండి, చాలావరకు సర్దుకుంటుంది.

బేగంబజార్‌ను ఆనుకునే ఉన్న గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. రోగుల మందుల సంచులు విద్యార్థులు అక్కడే చూసేలా, అందులో ఓపీ మందుల కౌంటర్ పక్కన ఫార్మకాలజీ విభాగానికి ఒక గది ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.