టార్చ్ వేసి చూసి కొనండి!

లేపాక్షికి వెళ్లినవాళ్లు ఏం తెచ్చుకుంటారు? వేలాడే స్తంభం కింద నుంచి గుడ్డ లాగిన వీడియో, బసవన్న ముందు సెల్ఫీ. ఆ ట్రిప్‌లోనే ఇంకొంచెం దూరం వెళ్తే ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. 2020లో పద్మశ్రీకి ఎంపికైన దళవాయి చలపతిరావు గారిది ఈ ఊరే.

ఒకప్పుడు ఇక్కడి బొమ్మలు రాత్రంతా తెర మీద రామాయణం ఆడేవి. సినిమా, టీవీ వచ్చాక ఆటలు తగ్గాయి. చెయ్యి తిరిగిన పనిని వదులుకోలేక అదే తోలుతో ల్యాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేస్తున్నారు. అంటే ఇప్పుడు ఈ కళను నిలబెడుతున్నది ప్రేక్షకులు కాదు, కొనేవాళ్లు. అంటే మనమే.

మరి అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? నేను చేసే పని ఒక్కటే: ఫోన్ టార్చ్ ఆన్ చేసి బొమ్మ వెనక పెడతాను. మేకతోలును నానబెట్టి, గీకి, ఎండబెడితే వెలుగు దాంట్లోంచి వస్తుంది. రంగులు మెరుస్తాయి, తోలులోని చారలు, మచ్చలు కనిపిస్తాయి. నగల దగ్గర ఉలితో కొట్టిన చిన్న చిన్న చిల్లులు చుక్కల్లా వెలుగుతాయి. చేత్తో కొట్టినవి కాబట్టి అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండవు. తిప్పి చూడండి, వెనక వైపూ రంగు ఉండాలి. అంతా మరీ నున్నగా, ఒక వైపే రంగుతో ఉంటే అది ప్రింటేమో అని అడగండి.

స్పెయిన్‌లోని టొలెడోలోనూ ఇదే గొడవ. నల్లటి ఉక్కులో బంగారు తీగ పొదిగిన నగల పక్కనే మెషీన్‌వీ అమ్ముతారు. చూడ్డానికి ఒకటే, ధరలో మాత్రం బోలెడు తేడా.

బేరం దగ్గర ఒక మాట. మొన్న ఒకాయన ల్యాంప్ పట్టుకుని, "ప్లాస్టిక్‌ది సగానికే వస్తుంది కదమ్మా" అన్నాడు. ఆమె నవ్వి, "అయితే అదే తీసుకో నాయనా, ఇది రోజుల పని" అంది. ఆ జవాబు విన్నాక నాకు బేరం ఆడబుద్ధి కాలేదు. మీరూ ధర అడిగే ముందు, ఎన్ని రోజులు పట్టిందో అడగండి.

ఇంటికి తెచ్చాక తడి తగలనివ్వకండి, పొడి గుడ్డతోనే తుడవండి. లోపల వేడెక్కని ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. స్టోరీలో ఫొటో పెడితే బొమ్మతో పాటు ఊరి పేరు కూడా రాయండి: నిమ్మలకుంట.