లైను కాదు, మారే స్టేషన్ చూసుకోండి

చెన్నైలో ఇంటర్వ్యూ. రాత్రి విజయవాడలోనో, ఒంగోలులోనో రైలెక్కి తెల్లారేసరికి సెంట్రల్‌లో దిగుతారు. బయటికొచ్చి మీలో చాలామంది చేసే మొదటి పని ఆటో బేరం. తెచ్చుకున్న డబ్బులకు మొదటి చిల్లు అక్కడే పడుతుంది. ఆపైన ట్రాఫిక్‌లో టైము పోతుంది.

నిజానికి ఆ స్టేషన్ పక్కనే భూమి లోపల మెట్రో ఉంది. 2015లో మొదలైన చెన్నై మెట్రో 2018లో సెంట్రల్‌కి చేరింది. ఇక్కడ రెండు లైన్లు కలుస్తాయి. బ్లూ లైన్ మౌంట్ రోడ్డు కింద నుంచి వెళ్లి, సైదాపేట దాటాక పైకి తేలి, గిండి మీదుగా ఎయిర్‌పోర్టుకు పోతుంది. గ్రీన్ లైన్ ఎగ్మోర్, కోయంబేడు, వడపళని చుట్టి ఆలందూరులో మళ్లీ బ్లూ లైన్‌ని కలుస్తుంది. గిండి వెళ్లాల్సినవాళ్లు కంగారులో గ్రీన్ లైన్ ఎక్కేసినా కొంప మునగదు. ఆలందూరులో మారి ఒక్క స్టేషన్ వెనక్కొస్తే చాలు. కాకపోతే టైము పోతుంది.

ఆఫీసు టైడెల్ పార్క్ వైపైతే లెక్క వేరు. ఈ రెండు లైన్లూ అక్కడికి పోవు. సెంట్రల్ ఎదురుగా రోడ్డు దాటి పార్క్ టౌన్‌లో ఎంఆర్‌టీఎస్ రైలెక్కి తిరువాన్మియూరులో దిగాలి. ఆ పక్కనే పార్క్ అని ఇంకో స్టేషన్ ఉంది. అది తాంబరం వెళ్లే సబర్బన్ లైను. పేరు సగమే చూసుకుని వెళ్తే మీరు ఒక లైను అనుకుని ఇంకో లైనులో కూర్చుంటారు. మన హైదరాబాద్‌లోనూ ఇదే తంటా. హైటెక్ సిటీ పేరుతో మెట్రో స్టేషన్ ఉంది, ఎంఎంటీఎస్ స్టేషన్ కూడా ఉంది. రెండూ పక్కపక్కన లేవు.

తప్పు కొత్తవాళ్లదే అనలేం. చెన్నైలో మెట్రోది ఒక సంస్థ, సబర్బన్, ఎంఆర్‌టీఎస్ రైళ్లు దక్షిణ రైల్వేవి. ఎవరి స్టేషన్ వాళ్లు కట్టుకున్నారు. 2025లో చెన్నై వన్ యాప్ వచ్చాక బస్సు, మెట్రో, సబర్బన్ టికెట్లు ఒకేచోట దొరుకుతున్నాయి, మంచిదే. కానీ భుజాన బ్యాగుతో దారి వెతుక్కునేవాడికి యాప్ కన్నా గోడ మీద బాణం గుర్తే ముఖ్యం. అధికారులు ముందు ఆ పని చూడాలి.

ఉద్యోగం వచ్చాక ఈ లెక్క ఇంకా అవసరం. అద్దె తక్కువని తాంబరం వైపు గది చూస్తారు. బానే ఉంటుంది, సబర్బన్ టికెట్ మెట్రో కన్నా చవక, గిండిలో రెండు స్టేషన్లూ దగ్గరే. అదే ఆఫీసు తరమణిలో ఉంటే? అడ్వాన్స్ ఇచ్చేముందు ఒక సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆ దారిలో వెళ్లి చూడండి. ఎన్నిసార్లు మారాలో, ఎంతసేపు నిలబడాలో తెలిసిపోతుంది. మెట్రో రాత్రి 11 ప్రాంతంలో ఆగిపోతుంది. మీది సెకండ్ షిఫ్ట్ అయితే, ముఖ్యంగా అమ్మాయిలు, ఇంటిదాకా క్యాబ్ ఇస్తారా అని హెచ్‌ఆర్‌ని ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే అడగండి. మొహమాటం వద్దు, వాళ్లకది అలవాటైన ప్రశ్నే.