ప్రేమకు వరుస ఉందా?

2025 జనవరి చివర్లో అమెరికా ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ ఫాక్స్ న్యూస్ ఇంటర్వ్యూలో ఒక మాట అన్నారు. ముందు కుటుంబం, తర్వాత ఇరుగుపొరుగు, ఆ తర్వాత సొంత ఊరు, సొంత దేశస్థులు, వీళ్లందరూ అయ్యాకే మిగతా ప్రపంచం, ఇది క్రైస్తవం నేర్పిన పాత పద్ధతి అని. విమర్శలు రాగానే ‘ఓర్డో అమోరిస్’ అంటే ఏమిటో గూగుల్‌లో వెతుక్కోమని ఎక్స్‌లో బదులిచ్చారు. ప్రేమకు ఒక వరుస ఉంటుందని చెప్పే లాటిన్ మాట అది. రెండు వారాలు తిరక్కుండానే, ఫిబ్రవరి 10న, పోప్ ఫ్రాన్సిస్ అమెరికా బిషప్పులకు లేఖ రాశారు. క్రైస్తవ ప్రేమ అంటే మన ప్రయోజనాల చుట్టూ గీసుకుని, కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయే వలయాలు కావని, ఆ ప్రేమకు అసలైన వరుస ఏమిటో తెలియాలంటే మంచి సమరయుడి కథను ధ్యానించాలని అందులో చెప్పారు. వలసదారులను మూకుమ్మడిగా దేశం దాటించడంపై సాగుతున్న రాజకీయ వివాదంలోకి రెండువేల ఏళ్లనాటి కథ ఒకటి వచ్చి నిలబడింది.

వాన్స్ భార్య ఉష పూర్వీకుల ఊరు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు. అందుకే ఆయన ఏం మాట్లాడినా తెలుగు పత్రికల్లో వార్త అవుతుంది. అయితే ఈ తగవుతో తెలుగువాళ్లకున్న సంబంధం చుట్టరికంతో ఆగేది కాదు. అమెరికాలో ఎన్నో తెలుగు కుటుంబాలు వీసా గడువు తేదీలు చూసుకుంటూ బతుకుతున్నాయి. ఆ ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు, ఆ వరుసలో తమ స్థానం ఎక్కడో వాళ్లకూ అర్థమైంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఆదివారం తెలుగులో ఆరాధన చేసుకునే సంఘాలకు పరదేశి అనే మాట బైబిల్లో మాత్రమే ఉండేది కాదు. సొంత ఫైలు మీద కూడా ఉంటుంది.

వాన్స్ వాదనను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. దానికి వేర్లున్నాయి. సొంత ఇంటివారిని పోషించుకోనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని తిమోతికి రాసిన మొదటి పత్రిక అంటుంది. అందరికీ మేలు చేయండి, విశ్వాస గృహానికి చెందినవారికి మరీ ముఖ్యంగా చేయండని గలతీ పత్రికలో పౌలు చెప్పాడు. వేదాంతి అగస్టీన్ ఇంకొంచెం లోతుకు వెళ్లాడు. మనుషులందరినీ సమానంగా ప్రేమించాలి, కానీ అందరికీ సాయపడటం ఎవరివల్లా కాదు, కాబట్టి కాలమో చోటో సందర్భమో ఎవరిని దగ్గరికి చేరిస్తే వారిని ముందు చూసుకోవాలని నాలుగో శతాబ్దం చివర్లో రాశాడు. పదమూడో శతాబ్దపు వేదాంతి థామస్ అక్వినాస్ తన గ్రంథంలో ఆ వరుసను విడమరచి చెప్పాడు. వాన్స్ అభిమానులు అక్వినాస్‌ను ఉదాహరిస్తూనే ఉంటారు. అదే అక్వినాస్ అదే గ్రంథంలో, ప్రాణం మీదికి వచ్చిన పరాయివాడు ఒకపక్క, అంత అవసరం లేని సొంత తండ్రి ఒకపక్క ఉంటే, ముందు పరాయివాడికే సాయం చేయాలని రాశాడు. ఆ వాక్యం మాత్రం చర్చలో అంతగా వినిపించదు. అగస్టీన్ చెప్పిన దగ్గరితనం కూడా రక్తానికో పాస్‌పోర్టుకో సంబంధించింది కాదు. ఏ కారణం చేతనైనా గడపలోకి వచ్చి నిలబడినవాడు దగ్గరివాడే.

ఇక పోప్ గుర్తుచేసిన ఆ కథ. లూకా సువార్త పదో అధ్యాయంలో ఒక ధర్మశాస్త్రోపదేశకుడు యేసును అడుగుతాడు, నా పొరుగువాడెవడని. ఎక్కడిదాకా ప్రేమించాలో హద్దురాయి చూపించమని దాని అర్థం. జవాబుగా వచ్చిన కథలో యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారిలో ఒకణ్ణి దొంగలు కొట్టి, బట్టలు ఊడబెరికి పడేసి పోతారు. పాతిక కిలోమీటర్లకు పైచిలుకు ఉండే ఆ దారి దాదాపు వెయ్యి మీటర్ల లోతుకు, సముద్రమట్టం కన్నా దిగువకు దిగిపోతుంది. కొండచరియలు, నిర్మానుష్యం. యాజకుడు చూసి పక్కనుంచి పోయాడు. లేవీయుడూ అంతే. ఆగినవాడు సమరయుడు. నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు, తన గాడిద మీద ఎక్కించాడు, పూటకూళ్ల ఇంటికి చేర్చాడు, రెండు దేనారాలిచ్చాడు. దేనారం అంటే అప్పట్లో కూలివాడి ఒక రోజు సంపాదన. ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానని చెప్పి వెళ్లాడు.

ఈ కథ చెప్పేవాళ్లు ఒక్క అధ్యాయం వెనక్కి వెళ్లి చదవరు. తొమ్మిదో అధ్యాయంలో యేసు, శిష్యులు ఒక సమరయ ఊరికి వెళ్తే, ఆ ఊరివాళ్లు వాళ్లను రానివ్వలేదు. యెరూషలేముకు పోతున్నారన్నదే కారణం. యూదులకూ సమరయులకూ మధ్య తరాల పగ ఉంది. గెరిజీము కొండ మీది సమరయుల ఆలయాన్ని క్రీస్తుకు శతాబ్దానికి పైగా ముందే కూల్చింది యూదు పాలకుడే. తలుపు వేసిన ఆ ఊరి మీద ఆకాశం నుంచి అగ్ని కురిపించమంటావా అని యాకోబు, యోహాను అడిగారు. యేసు వాళ్లను గద్దించి ఇంకో ఊరికి సాగిపోయాడు. ఆ వెంటనే చెప్పిన కథలో మంచివాడు ఎవరయ్యా అంటే, తనకు చోటివ్వని జాతివాడు. ముగ్గురిలో పొరుగువాడైనది ఎవరని యేసు ఎదురు ప్రశ్న వేసినప్పుడు ఆ ఉపదేశకుడికి సమరయుడు అనే మాట నోటికి రాలేదు. జాలి చూపినవాడు అని ఊరుకున్నాడు. హద్దురాయి అడిగినవాడికి యేసు హద్దు చూపించలేదు. నువ్వు ఎవరికి పొరుగువాడివి అవుతావని అడిగాడు.

ఇది యేసుతో మొదలైన బోధా కాదు. పొరుగువాణ్ణి నీలాగే ప్రేమించమన్న ఆజ్ఞ లేవీయకాండం పందొమ్మిదో అధ్యాయంలో ఉంది. అదే అధ్యాయం చివరికొచ్చేసరికి మీ మధ్య ఉండే పరదేశిని కూడా అలాగే ప్రేమించమని ఉంది, ఐగుప్తులో మీరూ పరదేశులేనన్న కారణంతో సహా. అక్కడే కోతల సంగతి కూడా ఉంది: పొలం అంచుల దాకా కోయకూడదు, రాలిన కంకులు ఏరుకోకూడదు, ఆ పరిగె బీదలకూ పరదేశులకూ చెందుతుంది. మోయాబు నుంచి వచ్చిన రూతు అలా బోయజు పొలంలో పరిగె ఏరుకునే బతికింది. తర్వాత దావీదుకు ముత్తవ్వ అయింది.

తొలి క్రైస్తవులు దీన్ని ఆచరించారనడానికి వాళ్లను గిట్టనివాడి సాక్ష్యమే ఉంది. రోమన్ చక్రవర్తి జూలియన్ క్రైస్తవం వదిలి పాత దేవతల ఆరాధనను నిలబెట్టాలని చూశాడు. క్రీ.శ. 362లో గలతీయ ప్రాంతపు ప్రధాన పూజారికి రాసిన లేఖలో, ఈ గలిలయులు (క్రైస్తవులను ఆయన అలా పిలిచేవాడు) తమ బీదలనే కాదు, మన బీదలను కూడా పోషిస్తున్నారు, మనవాళ్లకు మన నుంచి సాయం అందకపోవడం సిగ్గుచేటు అన్నాడు. ఊరూరా సత్రాలు కట్టమని, వాటికి ఏటా గోధుమలు, ద్రాక్షారసం కేటాయిస్తున్నానని ఆజ్ఞాపించాడు. మరికొన్నేళ్లకే కైసరయ బిషప్ బాసిల్ ఊరి బయట బాటసారులకు, రోగులకు, కుష్ఠు వ్యాధిగ్రస్తులకు ఏకంగా ఒక వాడ కట్టించాడు.

సొంతవాళ్లకు పెట్టగా మిగిలితేనే పరాయివాళ్లకు అనే వాదనకు గట్టి జవాబు మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో దొరుకుతుంది, ఫ్రాన్స్‌లోని ల షాంబోన్ అనే ఊళ్లో. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున, చలి ఎక్కువగా ఉండే పీఠభూమి అది. పేద రైతుల ఊరు. వాళ్లలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. 1685లో రాజు వాళ్ల మత స్వేచ్ఛను రద్దు చేశాక తరాల తరబడి దాక్కుని ఆరాధనలు చేసుకున్నవాళ్ల వారసులు. 1934లో ఆంద్రే ట్రోక్మే అక్కడికి పాస్టరుగా వచ్చారు. 1940 జూన్‌లో ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోతూ సంతకం చేసిన మర్నాడు ఆదివారం. ఆత్మ అనే ఆయుధాలతో ఎదిరించాలని ఆయన, సహ పాస్టర్ ఎదువార్ తైస్ సంఘానికి చెప్పారు.

ఆ చలికాలంలో పాస్టరు ఇంటి తలుపు ఎవరో తట్టారు. ఆంద్రే భార్య మాగ్డా తలుపు తీస్తే మంచులో ఒక జర్మన్ యూదు స్త్రీ. లోపలికి రమ్మన్నారు మాగ్డా. ఆమెకు కాగితాలు సంపాదించడానికి ఊరి మేయరు దగ్గరికి వెళ్తే, ముందు ఆమెను ఊళ్లోంచి పంపించెయ్ అని ఆయన కసిరారు. ఊరివాళ్లకు ముప్పు తెస్తావా అన్నది ఆయన బాధ. వాన్స్ చెప్పిన వరుసే అది, మేయరు నోట. మాగ్డాకు అప్పటికి నలుగురు పిల్లలు. తిండికి రేషన్. అయినా ఆ ఇంటి తలుపు మూతపడలేదు.

తర్వాతి నాలుగేళ్లలో ఆ పీఠభూమి మీద ఆశ్రయం పొందినవాళ్లు అయిదువేల దాకా ఉంటారని ఒక అంచనా, అంతకంటే తక్కువేనని కొందరు చరిత్రకారుల లెక్క. ఎక్కువమంది యూదులు, వాళ్లలో పిల్లలు చాలామంది. ఇది ఉద్వేగంతో జరిగిపోయిన పని కాదు. క్వేకర్లు, స్విస్ సంస్థలు, సిమాద్ అనే ప్రొటెస్టెంట్ సంస్థ డబ్బు పెట్టి పిల్లల వసతి గృహాలు నడిపాయి. 1938లో పెట్టిన బడి ఆ పిల్లలను చేర్చుకుంది. ఆస్కార్ రొసోవ్‌స్కీ అనే యువకుడు దొంగ గుర్తింపు కార్డులు తయారుచేశాడు. పోలీసులు వస్తున్నారని కబురందితే పిల్లలు అడవిలోకి, మారుమూల పొలాల్లోని ఇళ్లకు చేరేవారు. 1942 ఆగస్టులో పోలీసులు బస్సులతో వచ్చి యూదుల జాబితా అడిగితే ట్రోక్మే ఇవ్వలేదు. యూదులెవరో మాకు తెలియదు, మనుషులే తెలుసన్నారు.

దానికి వెల కూడా కట్టారు. 1943 ఫిబ్రవరిలో ఇద్దరు పాస్టర్లను, ఊరి ప్రభుత్వ బడి పెద్దను అరెస్టు చేసి నిర్బంధ శిబిరంలో పెట్టారు. జూన్‌లో నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో ఒక వసతి గృహం మీద పడి విద్యార్థులను, వాళ్ల బాగోగులు చూస్తున్న ట్రోక్మే బంధువు దానియెల్‌ను పట్టుకుపోయింది. తప్పించుకునే వీలున్నా పిల్లలను వదలని దానియెల్ 1944లో మైదానెక్ శిబిరంలో చనిపోయాడు. ఊరి డాక్టర్ రోజె ల ఫొరెస్తియేను ఆ ఏడాది ఆగస్టులో కాల్చి చంపారు. 1990లో ఇజ్రాయెల్‌కు చెందిన యూదు నరమేధ స్మారక సంస్థ యాద్ వాషెం ఆ ఊరినీ చుట్టుపక్కల ఊళ్లనూ కలిపి గౌరవించింది. ఊరంతటికీ అలాంటి గౌరవం దక్కడం అరుదు.

అదే బైబిల్, అవే ఆదివారాలు ఉన్నచోట దీనికి పూర్తిగా విరుద్ధంగానూ జరిగింది. 1994లో రువాండా జనాభాలో అత్యధికులు క్రైస్తవులు. ఆ ఏడాది జరిగిన నరమేధంలో న్యమాట, న్తరామ చర్చిల్లో తలదాచుకున్న టుట్సీ తెగవారిని వేల సంఖ్యలో ఆ చర్చిల్లోనే చంపారు. చంపినవాళ్లలో వాళ్ల పక్కింటివాళ్లూ ఉన్నారు. వాక్యం తెలిసినంత మాత్రాన తలుపు దానంతటది తెరుచుకోదు.

తెలుగునేల మీద ఈ బోధకు మరో పరీక్ష ఎదురైంది. పరాయివాడికి పెట్టే అన్నం వెనక ఏదైనా షరతు ఉందా అన్నది ఇక్కడ చాలామంది మనసులో ఉన్న ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1876-78 కరవులో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న వేల మందికి కూలి ఇప్పించాడు. కరవు సాగినంతకాలం నెలల తరబడి బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం ఎవరూ మతం మారకూడదన్నది ఆయన పట్టు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారన్న సంఖ్యను మిషన్ చరిత్రలు గర్వంగా చెప్పుకుంటాయి. దానికి ముందు ఆయన ఆగిన నెలల గురించి ఇంకా గర్వంగా చెప్పుకోవాలి.

ఇంకో పరీక్షలో మాత్రం తెలుగు సంఘాలు ఇప్పటికీ తప్పుతూనే ఉన్నాయి. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచేవాళ్లు పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి కులం అడుగుతారు. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి ఆ పదవికి చేరిన తొలి వ్యక్తి ఆయనే. ఇంత దళిత జనం ఉన్న చర్చికి అందుకు అన్ని శతాబ్దాలు పట్టింది. సొంత సంఘంలోనే కొందరిని పరదేశులుగా నిలబెట్టినవాళ్లు బయటి పరదేశి గురించి వాషింగ్టన్‌కు ఏం చెప్పగలరు?

చెప్పడం కన్నా చేయడానికి ఇక్కడే పని ఉంది. ఏటా చలికాలంలో ఒడిశాలోని బలాంగీర్, నువాపడ ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు అడ్వాన్సు తీసుకుని తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తాయి. పెద్దపల్లి చుట్టుపక్కల బట్టీల పక్కన గుడిసెల్లో ఉండి వేసవి దాకా పనిచేస్తాయి. చాలామంది పిల్లల చదువు ఆగిపోతుంది. తెలుగు రాదు, ఆసుపత్రికి వెళ్తే నొప్పి ఎక్కడో చెప్పలేరు. ఊళ్లో రేషన్ కార్డు ఉన్నా, ఇక్కడి దుకాణంలో కూడా బియ్యం తీసుకోవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. మన దృష్టిలో వాళ్లు యెరికో దారిలో పడి ఉన్నవాళ్లు కూడా కారు. రోజూ బస్సులోంచి కనిపించే పొగగొట్టాల కింద మనుషులు, అంతే.

ఆ చుట్టుపక్కల చర్చి హాళ్లు చాలావరకు సోమవారం నుంచి శనివారం దాకా ఖాళీగానే ఉంటాయి. ఒడియా వచ్చిన టీచర్ ఒకరిని జీతానికి పెట్టుకుని ఆ హాళ్లలో పిల్లలకు బడి నడపవచ్చు. యూత్ సభ్యులు రేషన్ దుకాణానికి, ప్రభుత్వాసుపత్రికి తోడు వెళ్లవచ్చు. బట్టీ యజమానుల్లో సంఘ సభ్యులుంటే కూలి లెక్కల గురించి పాస్టరు వాళ్లతోనే నేరుగా మాట్లాడాలి, వాళ్లిచ్చే కానుకలు తగ్గినా సరే. వచ్చినవాళ్ల మతం అడగకూడదు, చేతిలో కరపత్రం పెట్టకూడదు. దీనికి డయోసిస్ అనుమతో విదేశీ నిధులో అక్కర్లేదు. వచ్చే బట్టీల సీజన్ మొదలయ్యేలోపు సంఘ కమిటీ ఒక సాయంత్రం కూర్చుని తీర్మానం రాసుకుంటే చాలు.